వచ్చే డబ్బుకి పిన్ను ఎందుకు?

పలాసలో ప్యాసింజరెక్కి ఇచ్ఛాపురం వైపు వెళ్తే, మందస రోడ్డు కన్నా ముందు వచ్చే చిన్న స్టేషన్ సుమ్మాదేవి. ఆ చుట్టుపక్కల ఏ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఎండాకాలంలో జీడి పిక్కలు అమ్మితే వస్తుంది. కొబ్బరికాయ దింపిన ప్రతిసారీ కొంత వస్తుంది. ఒకటో తారీఖున పింఛను వస్తుంది. చెన్నైలోనో, హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉన్న కొడుకు జీతం పడగానే ఫోన్లోంచి పంపిస్తాడు. ఈ లెక్క మనకెంత తెలుసో, మన డబ్బు మీద కన్నేసినవాడికీ అంతే తెలుసు.

ఇలా ఫోన్లోంచి డబ్బు పంపే యూపీఐ మన దేశంలో 2016 ఏప్రిల్ 11న మొదలైంది. అంతకు ముందు వలస వెళ్లినవాడి డబ్బు ఇల్లు చేరాలంటే మనియార్డరు రావాలి, లేదా కాశీబుగ్గ బ్యాంకులో వరస కట్టాలి, లేదా ఊరికొచ్చే మనిషెవరైనా దొరకాలి. ఇప్పుడు క్షణంలో చేరుతోంది. ఈ సౌకర్యాన్ని తిట్టిపోసే ఉద్దేశం నాకు లేదు. ఫోన్లో డబ్బు వద్దు, నోట్లే వాడండి అని చెప్పే సలహా ఎవరికీ పనికిరాదు కూడా. కాని క్షణంలో వచ్చే డబ్బు క్షణంలోనే పోతుంది.

మోసపోయినవాళ్ల గురించి వినగానే “చదువు లేక పోగొట్టుకున్నాడు” అనేస్తాం. నేను ఒప్పుకోను. రిటైరైన మేష్టార్లు, డాక్టర్లు, బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు కూడా పోగొట్టుకుంటున్నారు. వీళ్లందరి చేతా పిన్ను కొట్టించింది ఎక్కువగా మొహమాటం. అవతలివాడు మర్యాదగా మాట్లాడుతున్నాడు, మళ్లీ మళ్లీ అడిగితే బాగుండదేమో, బేరం పోతుందేమో, ఆఫీసరుకి కోపం వస్తుందేమో. మాట మీద వ్యాపారం నడిచే ప్రాంతంలో ఈ మొహమాటం ఇంకా ఎక్కువ. అందుకే ఈ అధ్యాయంలో టెక్నాలజీ తక్కువ, అలవాట్లు ఎక్కువ.

మిలటరీ ఆఫీసరు బేరం

పలాస-కాశీబుగ్గల్లో జీడిపప్పు దుకాణం నడిపేవారికి బయటి ఊళ్ల ఫోన్లు కొత్త కాదు. చాలా అమ్మకం ఫోన్ మీదే జరుగుతుంది. ఆ ఫోన్లలో ఒకటి ఇలా ఉంటుంది. హిందీ కలిసిన తెలుగులోనో, మంచి తెలుగులోనో ఒకాయన తాను మిలటరీ ఆఫీసరునంటాడు. క్యాంటీనుకి 320 రకం గుండు పప్పు యాభై కిలోలు కావాలంటాడు. ధర దగ్గర పేచీ పెట్టడు. అనుభవం ఉన్న వ్యాపారికి మొదటి అనుమానం ఇక్కడే రావాలి. పలాస పప్పు ధర అడిగి బేరమాడని మనిషి పుట్టాడా?

గుర్తింపు కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపిస్తాడు. యూనిఫాం వేసుకున్న ఫొటో ఉంటుంది. “ముందు మీ ఖాతాకి ఒక రూపాయి వేస్తాను, పడిందో లేదో చూడండి” అంటాడు. రూపాయి నిజంగానే పడుతుంది. మొత్తం నాటకంలో నిజం ఆ ఒక్క రూపాయే. “మా డిపార్టుమెంటు అకౌంటు పద్ధతి వేరండీ. నేను పంపే కోడ్ మీరు స్కాన్ చెయ్యాలి, తర్వాత మీ పిన్ను కొట్టాలి, మొత్తం మీకు పడిపోతుంది. కొంచెం తొందరగా, బండి బయల్దేరిపోతుంది” అంటాడు.

పిన్ను కొట్టడమంటే “నా ఖాతాలోంచి ఇంత తీసి అతనికివ్వు” అని బ్యాంకుకి చెప్పడం. నిల్వ చూసుకునేటప్పుడు తప్ప దానికి ఇంకో అర్థం లేదు. సైన్యానికీ, ప్రభుత్వానికీ, బ్యాంకుకీ ఇందులో వేరే పద్ధతి లేదు. కోడ్ స్కాన్ చేయడమూ అంతే, కట్టేవాడు చేసే పని. డబ్బు అందుకునేవాడు చేయాల్సిన పనేమీ లేదు. మీరు నిద్రపోతున్నా, ఫోన్ ఆపేసి ఉన్నా వచ్చే డబ్బు వస్తుంది. మొన్న మీ అబ్బాయి చెన్నై నుంచి పంపినప్పుడు మీరేమైనా స్కాన్ చేశారా?

ఇదే మోసం “కలెక్ట్ రిక్వెస్టు” రూపంలో కూడా చాలా ఏళ్లు నడిచింది. డబ్బు పంపుతున్నట్టు చెప్పి, మన ఫోన్‌కి డబ్బు అడిగే అభ్యర్థన పంపేవారు. మనం ఒప్పుకుని పిన్ను కొట్టేవాళ్లం. యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యక్తి నుంచి వ్యక్తికి ఇలా అడిగే ఏర్పాటును 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. మంచి పని, ఆలస్యంగా చేసిన పని. అయితే క్యూఆర్ కోడ్ ఉంది, పిన్ను ఉంది, ఆఫీసరు వేషమూ ఉంది. దారి ఒకటి మూసుకుంటే వాడు ఇంకోటి వెతుక్కుంటాడు.

ఇంకో చిక్కు వ్యాపారులకే ఎదురవుతుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొత్త కొనుగోలుదారుడు పూర్తి సొమ్ము వేస్తాడు, సరుకు పట్టుకెళ్తాడు, అంతా బాగానే ఉంటుంది. కొన్ని రోజులకి మీ ఖాతాలో డబ్బు కదలకుండా ఆగిపోతుంది. ఎందుకని బ్యాంకులో అడిగితే, ఎక్కడో వేరే రాష్ట్రంలో సైబర్ కేసు నమోదైంది, ఆ బాధితుడి సొమ్ము మీ ఖాతా దాకా వచ్చింది అంటారు. మోసగాడు వేరేవాడి డబ్బుతో మీ దగ్గర సరుకు కొన్నాడన్నమాట. బేరమాడినవాడి పేరు ఒకటి, డబ్బు వేసిన ఖాతా పేరు ఇంకొకటి అయినప్పుడు “మీ ఖాతా నుంచే వెయ్యండి” అని అడగడంలో తప్పు లేదు. బిల్లు, లారీ రశీదు, వాట్సాప్ సంభాషణ దాచుకోండి. పోలీసులకీ బ్యాంకుకీ మీరు చూపించగలిగేది అదే.

పేరు చదివారా?

2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రి కొన్ని దుకాణాల ముందున్న క్యూఆర్ కోడ్‌ల మీద వేరే కోడ్‌లు అతికించి పోయారు. పొద్దున్న వచ్చినవాళ్లు కొన్నారు, కట్టారు, వెళ్లిపోయారు. డబ్బు దొంగ ఖాతాకి వెళ్లింది. ఆ స్టిక్కర్‌కి అయ్యే ఖర్చు ఎంతని? మన సంతలో, బారువ తీరాన, టెక్కలి బస్టాండు దగ్గర ఎన్ని కోడ్‌లు రాత్రంతా ఆరుబయట ఉంటున్నాయో ఒకసారి చూడండి.

దుకాణం తెరిచేటప్పుడు మీ కోడ్‌ని మీరే ఒకసారి స్కాన్ చేసుకోండి. మీ పేరు రావాలి. దీనికి పట్టే సమయం అగరొత్తి వెలిగించేంత కూడా ఉండదు. కట్టేవారైతే పిన్ను కొట్టే ముందు తెరమీద పేరు బయటికి చదవండి. “ఫలానా పేరు వస్తోంది, మీదేనా?” అని అడగండి. 2025 మధ్య నుంచి యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డుల్లో ఉన్న అసలు పేరునే చూపించాలని నియమం వచ్చింది కాబట్టి ఆ పేరుకి ఇప్పుడు విలువుంది. కాయల బేరగాడికో చేపల మనిషికో కొడుకు పేరు మీదో, కూతురి పేరు మీదో ఖాతా ఉంటుంది, అది వాళ్లే చెబుతారు. తెల్లముఖం వేస్తే ఆగండి.

అమ్మేవాళ్ల వైపు ఇంకో గొడవ, కొనుగోలుదారు చూపించే స్క్రీన్. ఆకుపచ్చ టిక్కు, మీ పేరు, మొత్తం, టైము, అన్నీ ఉంటాయి. అచ్చం అసలు యాప్‌లాగే కనిపించే దొంగ యాప్‌లు ఉన్నాయి, వాటిలో ఏ మొత్తం కావాలంటే ఆ మొత్తం “విజయవంతం” అయిపోతుంది. కాబట్టి వాళ్ల ఫోన్లో ఏముందన్నది మనకి అనవసరం. మన ఫోన్లో మెసేజీ వచ్చిందా, మన సౌండ్‌బాక్సు పలికిందా, మన ఖాతాలో చేరిందా? నెట్‌వర్కు లేదు, తర్వాత వస్తుందండీ అంటే, వచ్చేదాకా సరుకు కౌంటరు మీద ఉంచండి. “బావూ, ఏటనుకోకు, రోజూ ఇలాగే సూస్తాం” అంటే చాలు. నిజంగా కట్టినవాడికి కోపం రాదు. వచ్చినా ఫర్వాలేదు.

వేలిముద్ర

ఫోన్ లేని అమ్మమ్మకి కూడా మోసం భయం ఉంది. ఆమె పిన్ను ఆమె వేలే.

ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి పల్లెటూరికి మేలే చేసింది. కాశీబుగ్గ దాకా బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లకుండా ఊళ్లోనే మినీ బ్యాంకు దగ్గర ఉపాధి కూలి డబ్బు తీసుకోవచ్చు. ఒక్కసారి వేలు పెడితే పది వేల దాకా తీయవచ్చు. ఇక్కడ జరిగే మోసం చాలా చిన్న మాటతో మొదలవుతుంది: “ముద్ర పడలేదమ్మా, మళ్లీ పెట్టు.” నిజంగానే పడకపోవచ్చు. పిక్క కొట్టి, కొబ్బరి ఒలిచి అరిగిపోయిన వేళ్లు మిషనుకి అందవు. జీడి రసం తగిలి కాలిన వేళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. అయితే మొదటిసారి ముద్ర పడి, డబ్బు దిగి, “పడలేదు” అని చెప్పి రెండోసారి పెట్టించుకుని ఒక్కసారి డబ్బే చేతిలో పెట్టే అవకాశం కూడా ఉంది. ముద్ర పెట్టిన ప్రతిసారీ చీటీ అడగాలి. పడకపోయినా చీటీ వస్తుంది, విఫలమని దాని మీద ఉంటుంది. చీటీ ఇవ్వనిచోట వేలు పెట్టకూడదు. చదవడం రాకపోతే మనవరాలికి చూపించాలి. ఎంత తీశారు, ఎంత మిగిలింది, ఈ రెండు అంకెలు చాలు.

వేలిముద్ర దొంగతనం మన రెండు తెలుగు రాష్ట్రాలకూ పాత కథే. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులమ్మే ఒకతను, భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ఉన్న వేలిముద్రల నుంచి నకళ్లు చేసి వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. తర్వాత అదే కిటుకు ఖాతాల మీదికి మళ్లింది. మనం అమ్మిన కొబ్బరితోట కాగితం మీద వేసిన ముద్ర మన బ్యాంకుకి తాళంచెవి అవుతుందని ఎవరనుకుంటారు?

దీనికి మందు ఉంది. ఆధార్‌తో ఫోన్ నంబరు కలిపి ఉంటే, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. అవసరమైనప్పుడు కొద్ది నిమిషాలు తెరిస్తే మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. ఉద్యోగం చేసుకునే పిల్లలు, వేలిముద్ర అరుదుగా వాడేవాళ్లు తప్పక వేసుకోండి. కాని పింఛను తీసుకునే పెద్దవాళ్లకి తొందరపడి వేసేయకండి. ఒకటో తారీఖున గ్రామ సచివాలయం మనిషి ఇంటికొచ్చి వేలు పెట్టమన్నప్పుడు లాక్ ఉంటే నాలుగు వేల పింఛను ఆగిపోతుంది. తెరిచే పిల్లవాడేమో బెంగళూరులో డ్యూటీలో ఉంటాడు. అలాంటివాళ్లకి ఇంకో దారి: ఎక్కువ డబ్బున్న ఖాతాకి ఆధార్ ద్వారా తీసే సౌకర్యం ఆపించమని బ్యాంకులో అడగండి, పింఛను, కూలి పడే ఖాతాలో కొద్దిగానే ఉంచండి.

ఫోన్ వాడేవాళ్లు కూడా అంతే. రొంటిన దోపుకునే సంచీ వేరు, ఇంట్లో ఇనప్పెట్టె వేరు. పిక్కల డబ్బు, పెళ్లికి దాచిన డబ్బు, పాలసీ సొమ్ము ఉన్న ఖాతాకి అసలు యూపీఐ కలపకండి. కూరగాయలకీ, రీచార్జికీ వేరే చిన్న ఖాతా పెట్టుకోండి. యాప్‌లో రోజుకి ఇంతకు మించి పోకూడదని పరిమితి పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. ఈ అధ్యాయంలో మీరు ఒక్క పనే చేస్తానంటే ఇది చెయ్యమంటాను. ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ మనం మెలకువగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఇదొక్కటి మనం పొరపడినరోజు కూడా పనిచేస్తుంది.

గాబరా పెట్టే ఫోన్లు

కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదిన్నరకి కనెక్షన్ తీసేస్తాం. మీ పేరు మీద వచ్చిన పార్సెల్లో మత్తుమందు దొరికింది. మీవాడు యాక్సిడెంటు చేశాడు, కేసు లేకుండా చూడాలంటే డబ్బు పంపండి. పీఎం కిసాన్ పేరుతో, చలానా పేరుతో, చివరికి పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు. దాన్ని నొక్కి ఆ యాప్ ఎక్కించుకుంటే మన మెసేజీలన్నీ వాడికి కనిపిస్తాయి, ఓటీపీ కూడా. వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవడం అనవసరం, వచ్చే ఏడాదికి కొత్తవి వస్తాయి. అన్నిటిలోనూ ఉండేది ఒకటే: ఇప్పుడే, ఎవరికీ చెప్పకుండా.

మన ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు ఎన్ని! డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు తిరిగే ఇంటికి “వైద్యం సొమ్ము మంజూరైంది, రెండు వేలు ఫీజు కట్టండి” అని ఫోనొస్తే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? మంజూరైన సొమ్ముకి ముందు ఫీజు కట్టించుకునే పథకం ఏదీ లేదు. అనుమానం ఉంటే సచివాలయానికి వెళ్లి అడగండి, ఫోన్లో కాదు.

పోలీసునని వీడియో కాల్ చేసి, ఇంట్లోంచి కదలకూడదని భయపెట్టే “డిజిటల్ అరెస్టు” అనేది మన చట్టంలో లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ సంగతే చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత పని చేయండి అన్నారు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనిపించినంత మాత్రాన పోలీసు కాదు. బ్యాంకులు లావాదేవీల గురించి తమ ఖాతాదారులకి చేసే ఫోన్లు 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. అలాంటి నంబరు నుంచి వచ్చినా సరే, ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి.

మన యాసలో మాట్లాడాడు కాబట్టి మనవాడే అనుకోవడం ఇక కుదరదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, మనిషికి లక్షన్నర దాకా తీసుకుని, ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియా పంపించి, అక్కడ చైనావాళ్లు నడిపే కంపెనీలకి అప్పగించారు. గదుల్లో పెట్టి, మన దేశపువాళ్లకే ఫోన్ చేసి మోసం చేసే పని చేయించారు. మాట విననివాళ్లని తిండి పెట్టకుండా బంధించారు. ఆ నెల 20న సిహనౌక్‌విల్‌లో వందలాది భారతీయులు తిరగబడ్డారు. కొందరు విశాఖ తిరిగొచ్చారు. అంటే మనింటికొచ్చే ఫోన్ అవతల, దెబ్బలకి భయపడి రాసిచ్చిన కాగితం చదువుతున్న మన పక్క ఊరి పిల్లాడు ఉండవచ్చు. వాడి మీద జాలి పడండి, డబ్బు మాత్రం పంపకండి. గల్ఫుకో సింగపూరుకో పిల్లల్ని పంపే ముందు ఏజెంటుకి విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి.

ఊళ్లో ఉండే కుర్రాళ్లకీ ఒక మాట. “నీ ఖాతా, ఏటీఎం కార్డు మాకివ్వు, నెలకి ఇంత ఇస్తాం” అనేవాళ్లు తిరుగుతుంటారు. మోసం సొమ్ము దాటించడానికి అద్దె ఖాతాలవి. ఆ దారిలో పోలీసులకి మొదట దొరికేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లే.

పోయాక మొదటి గంట

డబ్బు పోయిందని తెలిసినవెంటనే 1930కి ఫోన్ చేయండి. దేశమంతా ఒకే నంబరు, డబ్బులు తీసుకోరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పోయిన సొమ్ము ఒక ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. రెండో ఖాతాకి, అక్కడినుంచి మూడోదానికి, చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికి పోతుంది. 1930లో చెప్పిన సమాచారం ఆ బ్యాంకులకి వెళ్లి, అప్పటికి ఎక్కడ ఎంత మిగిలిందో అంత ఆపుతారు. గంటలో చెబితే మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. మర్నాడు చెబితే తక్కువ. లావాదేవీ నంబరు, మొత్తం, సమయం, వాడి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని చెయ్యండి. మెసేజీలు చెరిపేయకండి.

తర్వాత మీ బ్యాంకుకి చెప్పండి, చెప్పినట్టు రసీదు తీసుకోండి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీ తప్పేమీ లేకుండా మూడోవాడి వల్ల ఖాతాలోంచి డబ్బు పోయి, మీరు మూడు పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మీ మీద పడే భారానికి పరిమితి ఉంది, మామూలు సేవింగ్స్ ఖాతాకి పది వేలకి మించదు. మీదే తప్పని నిరూపించాల్సింది బ్యాంకే. వేలిముద్ర నకలుతో పోయిన డబ్బుకి ఈ ఆదేశం చాలా ఉపయోగం. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

అయితే ఆ ఆదేశం ప్రకారం, మీ చేత్తో మీరే పిన్ను కొట్టినా, ఓటీపీ చెప్పినా, బ్యాంకుకి చెప్పేలోపు పోయినదంతా మీదే. అది కఠినమైన నియమమని నా అభిప్రాయం. భయపెట్టి కొట్టించిన పిన్నుని, ఇష్టపడి కొట్టిన పిన్నుని ఒకే గాటన కట్టింది. కాని ఆ ఆదేశంలో ఉన్నది అదే కాబట్టి, అలాంటివాళ్లకి ముఖ్యమైన ఆధారం 1930. అక్కడ కూడా ఆలస్యం చేయించేది సిగ్గు. ఇంట్లో తిడతారని అమ్మ రెండు రోజులు చెప్పదు. కోడలి ముందు చులకనవుతానని మామ చెప్పడు. ఆ రెండు రోజుల్లో డబ్బు వెనక్కి రాని చోటికి పోతుంది.

బయట ఊళ్లలో ఉన్న పిల్లలూ, ఈ నెల ఇంటికి డబ్బు పంపినప్పుడు ఫోన్ చేసి, అమ్మా, ఎప్పుడైనా డబ్బు పోతే ముందు నాకు చెప్పు, నేను తిట్టను అనండి. అమ్మ ఫోన్లో 1930 నంబరు సేవ్ చేయించండి. పెద్దవాళ్లు నంబరు వెతకలేరు కాబట్టి ఫోన్ పెట్టే గూటి పక్కన గోడ మీద పెద్ద అంకెల్లో రాయించండి.